పోలీసుల నుంచి మీ కాల్ డేటా బయటికి పొక్కిందా? విశాఖలో ఫిర్యాదు చేసే తీరు

భార్యాభర్తల తగువులోనో స్థలం గొడవలోనో అవతలివాళ్లు "నీ సీడీఆర్ (కాల్ వివరాల రికార్డు) తీయించాం" అంటే చాలాసార్లు అది ఉత్త బెదిరింపే. ఫలానా తేదీ రాత్రి ఫలానా నంబరుతో ఎంతసేపు మాట్లాడారో, మీ ఫోన్ అప్పుడు ఏ టవర్ కింద ఉందో చెబుతున్నారంటే మాత్రం తేలిగ్గా తీసుకోకండి.

2013లో ఢిల్లీలో ఒక కానిస్టేబుల్, ఏసీపీ అధికారిక ఈమెయిల్ వాడి అరుణ్ జైట్లీ కాల్ వివరాలు రాబట్టబోయి దొరికిపోయాడు. ఆ గొడవ తర్వాతే, ఎస్పీ హోదాకు తగ్గని అధికారి అడిగితేనే కాల్ వివరాలు ఇవ్వాలని కేంద్రం గట్టిగా చెప్పింది. కమిషనరేట్ ఉన్న విశాఖలో ఆ హోదా డీసీపీది. గాజువాక ఎస్ఐకైనా, ఎంవీపీ కాలనీ సీఐకైనా పైఅధికారి ద్వారా, ఒక కేసు చూపించి అడగడం తప్ప వేరే దారి లేదు. అందుకే అడ్డదారి తొక్కేవాళ్లు ఏదో సెల్‌ఫోన్ దొంగతనం కేసు నంబరు రాసి, అనుమానితుల జాబితాలో మీ నంబరు ఇరికిస్తారు. పైన సంతకం పెట్టేవారు ఒక్కో నంబరు ఎవరిదని ఆరా తీస్తూ కూర్చోరు కదా. అంటే "ఎవరు తీశారు" అన్నదాని కంటే "ఏ ఎఫ్ఐఆర్ కింద తీశారు" అన్న ప్రశ్న మీకు ఎక్కువ ఉపయోగం. మీకు సంబంధం లేని కేసు నంబరు కాగితం మీదికి వచ్చిందంటే తీగ దొరికినట్టే.

ముందు రుజువు భద్రం చేసుకోండి. వాట్సాప్‌లో వచ్చిన కాల్ జాబితాను ఇంకొకరికి ఫార్వర్డ్ చేసి అసలుది చెరిపేస్తే కోర్టులో తంటా. మెసేజ్ వచ్చిన ఫోన్‌నే దాచండి, రీసెట్ చేయకండి, సర్వీసింగ్‌కు ఇవ్వకండి. భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ఇచ్చే సర్టిఫికెట్‌లో ఆ ఫైలు హాష్ విలువ (ఫైలు మారలేదని చూపే కోడ్) రాయాలి, అది అసలు ఫైలు నుంచే తీయాలి. వాళ్లు సీడీఆర్ ఎలా తీశారో తేల్చడానికి మీరూ ఒక ప్రైవేట్ డిటెక్టివ్‌ను పెట్టి వాళ్ల సీడీఆర్ తీయించకండి. 2018లో ఠాణేలో డిటెక్టివ్‌లు అరెస్టయింది సరిగ్గా ఇలాంటి పనికే.

రెండోది గడువు. టెలికం కంపెనీల దగ్గర కాల్ రికార్డులు రెండేళ్లు ఉంటాయి. కంప్యూటర్ లాగ్‌లకు (ఎవరు ఎప్పుడు ఏం చేశారో చూపే నమోదులు) కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022లో పెట్టిన నిబంధన 180 రోజులే. స్టేషన్ సీసీ కెమెరాల దృశ్యాలు 18 నెలలు, వీలుకాకపోతే కనీసం ఏడాది ఉంచాలని 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి మొదటి వారంలోనే డీసీపీకి, కమిషనర్‌కు, మీ టెలికం కంపెనీ నోడల్ అధికారికి ఒకే ఉత్తరం పంపండి: "ఫలానా నంబరుపై ఫలానా తేదీల మధ్య వచ్చిన అభ్యర్థనలు, లాగ్‌లు చెరపకుండా భద్రపరచండి." కంపెనీ మీకు జవాబివ్వకపోవచ్చు. ఫరవాలేదు, ఉత్తరం అందినట్టు రశీదు మీ దగ్గరుంటే చాలు. స్పీడ్ పోస్ట్‌లోనే పంపండి.

తర్వాత సమాచార హక్కు దరఖాస్తు, రుసుము 10 రూపాయలు. ఎక్కువమంది బోల్తాపడేది ఇక్కడే. "నా సీడీఆర్ ఎందుకు తీశారు" అని రాస్తే వృథా. చట్టం రికార్డులే ఇప్పిస్తుంది, సంజాయిషీలు కాదు. నా నంబరుపై ఎన్నిసార్లు కోరారు, ఏ తేదీల్లో, ఏ ఎఫ్ఐఆర్ నంబరు కింద, కోరిన అధికారి హోదా ఏమిటి: ఇంతే అడగండి. పేరు అడిగితే వ్యక్తిగత సమాచారమని ఆ చట్టం సెక్షన్ 8(1)(జె) చూపి తోసేస్తారు. దర్యాప్తుకు అడ్డని 8(1)(హెచ్) చూపితే, ఎలా అడ్డో వివరించాల్సింది వాళ్లే. 30 రోజుల్లో జవాబు రాకపోతే మరో 30 రోజుల్లోగా మొదటి అప్పీలు వేయాలి.

ఫిర్యాదు సైబర్ క్రైమ్ స్టేషన్‌లో ఇవ్వండి. ఏ సెక్షన్ రాశారన్నది ఇక్కడ కీలకం. ప్రభుత్వోద్యోగి చట్టాన్ని ఉల్లంఘించాడని బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 198 ఒక్కటే రాస్తే, అది నాన్ కాగ్నిజబుల్ (మేజిస్ట్రేట్ అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు చేయలేని నేరం) అని పక్కన పెట్టేస్తారు. ఐటీ చట్టం సెక్షన్ 43తో (అనుమతి లేకుండా కంప్యూటర్ డేటా తీయడం) కలిపి 66 రాయండి. అది మూడేళ్ల శిక్షున్న కాగ్నిజబుల్ నేరం, దర్యాప్తు ఇన్‌స్పెక్టర్ స్థాయికి తగ్గకూడదు. ప్రాథమిక విచారణ పేరుతో 14 రోజులు తీసుకునే వీలు చట్టంలోనే ఉంది, అన్ని రోజులూ ఓపిక పట్టండి. రుజువు లేకుండా ఏ కానిస్టేబుల్ పేరూ రాయకండి. తప్పుడు ఫిర్యాదంటూ కేసు మీ మీదికే తిరుగుతుంది. "గుర్తు తెలియని పోలీసు సిబ్బంది" అంటే సరిపోతుంది.

స్టేషన్‌లో తీసుకోకపోతే బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 173(4) కింద అదే ఫిర్యాదు పోస్టులో డీసీపీకి పంపాలి. సోమవారం కమిషనర్ దగ్గర జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చి రశీదు తీసుకోవడం మంచిదే, కానీ అది 173(4)కు బదులు కాదు. అక్కడా కదలకపోతే అఫిడవిట్‌తో మేజిస్ట్రేట్ దగ్గరికి. పోలీసు తన విధుల్లో భాగంగానే చేశానంటే మేజిస్ట్రేట్ ముందు పైఅధికారి నివేదిక తెప్పించుకుంటారు, ఆ పోలీసు వాదనా వింటారు. ఆ పోలీసుపై కోర్టులో కేసు నడపడానికి ప్రభుత్వ అనుమతి అవసరమైన చోట ప్రభుత్వం 120 రోజుల్లో తేల్చకపోతే ఇచ్చినట్టే లెక్క.

నష్టపరిహారం దారి వేరు: ఐటీ చట్టం 46 కింద రాష్ట్ర ఐటీ కార్యదర్శి ముందు 5 కోట్ల వరకు అడగవచ్చు. మానవ హక్కుల కమిషన్‌కు వెళ్లాలనుకుంటే ఘటన జరిగిన ఏడాదిలోపే వెళ్లాలి, పోలీసు కేసు తేలేదాకా ఆగితే ఆ గడువు దాటిపోతుంది.