అరిసెల డబ్బా నుంచి కాలవ గట్టు దాకా: పండగ బరువు తగ్గడం ఇలా

కనుమ వెళ్లి వారం దాటినా స్టీలు డబ్బాలో అరిసెలు, సున్నుండలు ఉన్నాయంటే ముందు ఆ డబ్బా సంగతి చూడండి. సగం పక్కింటివాళ్లకి పంచేయండి, మిగిలింది అటకెక్కించండి. అరిసెని ఎంత గట్టిగా నొక్కి తీసినా కాగితం మీద పెడితే నూనె మరక పడుతుంది. గ్రాము బెల్లంలో దాదాపు 4 కేలరీలుంటే గ్రాము నూనెలో 9.

అన్నం మానక్కర్లేదండీ. మన డెల్టాలో పుట్టి అన్నం మానేస్తే నాలుగు రోజులకే మనసు లాగేసి రెట్టింపు తింటాం, అది నేను చాలామందిలో చూశాను. కంచంలో ముందు కూర వడ్డించుకోండి, బీరకాయో ఆనపకాయో సగం నిండాక మిగతా చోట్లో కాస్త అన్నం, కాస్త పప్పు. చేపలు వేపుడు కాకుండా పులుసు పెట్టుకోండి. ఇది పులసల కాలం కాదు గానీ శీలావతి, కొర్రమీను దొరుకుతాయి కదా.

పొద్దున్నే కాలవ గట్టు మీద అరగంట నడవండి, మాట్లాడగలిగి పాట పాడలేనంత వేగంగా. వారానికి 5 రోజులు నడిస్తే 150 నిమిషాలు, ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకి చెప్పే కనీసం అదే.

వారానికి అరకిలో తగ్గినా చాలు, టెన్షన్ వద్దు. షుగర్ మందులు వాడేవాళ్లు మాత్రం తిండి తగ్గించే ముందు డాక్టర్‌ని అడగండి.