వదిలేసిన ముసలి గుర్రం: లక్షణం, కారణం, చికిత్స

గుర్రమెక్కిన కాటన్ దొర విగ్రహాలు గోదావరి డెల్టాలో చాలా ఊళ్ళలో కనిపిస్తాయి. గుర్రాన్ని పోషించడం తెలిసిన ఇళ్ళు మాత్రం జట్కాలతోనే పోయాయి. పెళ్లి ఊరేగింపులకు తిప్పి తిప్పి, వయసు మళ్ళాక వదిలేసిన గుర్రం ఎవరి పంచనైనా చేరితే, ఇంట్లో గేదెకు చేసే సేవే దానికీ చేస్తారు. వాళ్ళ మనసు మంచిదే. కానీ వరిగడ్డి, తవుడు, తడి నేల గేదెకు పడినట్టు గుర్రానికి పడవు. ఒంటి బాధలు తీరేదాకా శిక్షణ జోలికి వెళ్ళకూడదు కాబట్టి వాటితోనే మొదలుపెడుతున్నాను.

పక్కటెముకలు తేలాయి, ఏది పెట్టినా ఆబగా తింటోంది

ఇది ఆకలి అని ఎవరికైనా తెలుస్తుంది. అసలు ప్రమాదం ఆ తర్వాత ఉంది. నెలల తరబడి మాడిన గుర్రానికి జాలిపడి బుట్టెడు ఉలవ గుగ్గిళ్ళు పెడితే, రక్తంలోని ఫాస్ఫరస్, పొటాషియం, మెగ్నీషియం ఒక్కసారిగా కణాల్లోకి వెళ్ళిపోతాయి. గుండె లయ తప్పుతుంది. మేత మొదలైన 3 నుంచి 5 రోజుల్లో ప్రాణం పోవచ్చు. అంత ఆకలికి తట్టుకున్న జీవి మన చేతి తిండితో పోవడం కన్నా బాధ ఏముంటుంది?

మొదటి 3 రోజులు ఎండు లూసర్న్ గడ్డి అర కిలో చొప్పున 4 గంటలకొకసారి పెట్టండి, రాత్రిళ్ళు కూడా. ఆ తర్వాత మేత పెంచుతూ, పూటలు తగ్గిస్తూ రండి. 10వ రోజుకు కడుపునిండా తిననివ్వవచ్చు. దాణా రెండు వారాల దాకా వద్దు. లూసర్న్ మన పొలాల్లో అరుదు, ముందే తెప్పించుకోవాలి. కోలుకున్నాక చేలగట్ల మీది గరిక మంచి మేత, పురుగుమందు పడని గట్టు చూసుకోండి. ఒళ్ళు మామూలుకు రావడానికి 6 నుంచి 10 నెలలు పడుతుంది. తొందరపడకండి.

పొట్టవైపు తిరిగి చూస్తోంది, కాలితో నేల తవ్వుతోంది, లద్దె వేయడం లేదు

శూల. గుర్రం నెమరు వేయదు. ముతక వరిగడ్డి ఒక్కటే మేతైతే పేగులో ఉండకట్టుకుంటుంది. బూజు పట్టిన గడ్డి మరీ చేటు. మేత తీసేసి వెంటనే డాక్టరును పిలవండి. 1962కు ఫోను చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. పశువులకు పట్టినట్టు గొట్టంతో నూనె పోయకండి, అది ఊపిరితిత్తుల్లోకి పోతే గుర్రం దక్కదు. కడుపులోకి పోయినది వాంతి ద్వారా బయటికి వచ్చే దారి గుర్రానికి లేదు.

తవుడు గురించి ఒక మాట. అందులో ఫాస్ఫరస్ ఎక్కువ, కాల్షియం బాగా తక్కువ. అదే పనిగా పెడితే ఎముకలు గుల్లబారి, ముఖం ఉబ్బుతుంది.

గడ్డి నమిలి ఉండలుగా జారవిడుస్తోంది

పళ్ళ బాధ. గుర్రం దవడ పళ్ళు ఏళ్ళ తరబడి పైకి వస్తూ, అరుగుతూ ఉంటాయి. అరుగుదల సమంగా లేకపోతే అంచులు కత్తుల్లా తయారై బుగ్గను, నాలుకను కోస్తాయి. డాక్టరు ఆకురాయితో ఆ అంచులు అరగదీస్తారు. పళ్ళు ఊడిన గుర్రానికి మేత సన్నగా తరిగి నానబెట్టి ఇవ్వాలి. అదే సమయంలో వయసూ అడగండి: పైదవడ చివరి కొరుకుడు పంటి మీద గాడి సుమారు 10వ ఏట చిగురు దగ్గర మొదలై, 20 నాటికి పంటి పొడవునా దిగుతుంది.

గిట్ట అడుగున నల్లని జిగురు, కుళ్ళు వాసన

ఇది మన నేల తెచ్చే జబ్బు. వానాకాలం పాకలో నిలిచే తడి, మూత్రం, బురద గిట్ట మధ్యలోని మెత్తని భాగాన్ని కుళ్ళబెడతాయి. రోజూ నాలుగు గిట్టలూ ఎత్తి గీకి, కడిగి, ఆరబెట్టి, డాక్టరు ఇచ్చిన మందు రాయాలి. నేలను మెరక చేసి, కోనసీమలో కొరత లేని కొబ్బరి పీచు పొట్టు పరవండి, తడి పీల్చుకుంటుంది. గిట్టలు 6 నుంచి 8 వారాలకొకసారి చెక్కించాలి. ఏ చిన్న గాయమైనా ఉంటే ధనుర్వాతం టీకా తప్పనిసరి.

జ్వరం వస్తూ పోతోంది, కాళ్ళు, పొట్ట కింద వాపు

జోరీగలు మోసుకొచ్చే సర్రా అనే రక్తపు జబ్బు కావచ్చు. రక్తపరీక్ష చేయించండి. సొంత వైద్యం వద్దు.

కళ్ళెం చూడగానే తల ఎగరేస్తోంది, చెయ్యి ఎత్తితే వెనక్కి దూకుతోంది

దీన్ని పొగరు అంటారు. నోరు తెరిచి చూస్తే పెదవుల మూలల్లో పాత గాయాలుంటాయి. ముళ్ళ కళ్ళెం వాడకూడదని 1965 నాటి జంతుహింస నివారణ నిబంధనలు చెబుతున్నా, ఊరేగింపు గుర్రాల నోళ్ళలో అవి ఇంకా కనిపిస్తున్నాయి. నాకు కోపం ఆపుకోవడం కష్టమయ్యేది ఇక్కడే. వీపు మీద, పొట్టపట్టీ కింద తెల్లబడిన వెంట్రుకలు జీను ఒరిపిడికి గుర్తులు.

కొన్ని నెలలు కళ్ళెం, జీను రెండూ పక్కన పెట్టండి. మెత్తని నూలు తాడుతో అల్లిన తలకట్టు చాలు. ముఖానికి ఎదురుగా, తోక వెనక గుర్రానికి కనిపించని చోట్లుంటాయి, కాబట్టి భుజం వైపు నుంచి, మాట్లాడుతూ దగ్గరకు వెళ్ళండి. తాడు కొద్దిగా లాగి ఆగండి. ఒక్క అడుగు వేసినా వెంటనే వదులు చేయండి. ఆ వదులే దానికి పాఠం. తల దించి, నోరు ఆడించిందంటే భయం తగ్గుతోందన్నమాట. ఆ రోజుకు అక్కడితో ఆపేయండి. పొద్దున్నే కాలువ గట్టు మీద పావుగంట నడిపిస్తే చాలు. ముసలి గుర్రం కొత్త మాట నేర్చుకోగలదు, పాత దెబ్బ మరవడానికే ఎక్కువ కాలం పడుతుంది.

బ్యాండు మోత వింటే వణుకు, లేదా దానంతటదే కాళ్ళెత్తి ఆడడం

ఆ ఆట వెనక దెబ్బలున్నాయి. మేత తినేటప్పుడు ఫోనులో డప్పు శబ్దం చాలా తక్కువగా పెట్టండి. తినడం మానేస్తే శబ్దం ఎక్కువైనట్టే, తగ్గించండి. వారాల మీద కొంచెం కొంచెంగా పెంచండి. పెళ్లిళ్ళ రోజుల్లో పాక ఊరేగింపు దారి మీద ఉంటే, ఆ రాత్రులకు గుర్రాన్ని తోటలోకి మార్చడం మేలు. ఈ భయం పూర్తిగా పోని గుర్రాలూ ఉన్నాయి. వాటిని ఎక్కే ఆలోచన మానుకుని, మేతకు, నడకకు మాత్రమే ఉంచుకోండి.