బేసిక్‌లో స్ట్రింగ్ అర్రేలు: చేర్చడం, తీసేయడం, వెతకడం, వరుసలో పెట్టడం

ఇరవై పేర్లు దాచుకోవాలంటే ఇరవై వేరియబుల్స్ అక్కర్లేదు. ఒకే పేరు కింద నంబర్లు వేసిన గడుల వరుస పెట్టుకుంటే చాలు, అదే స్ట్రింగ్ (అక్షరాలతో ఉన్న మాట) అర్రే. కింది కోడ్ క్యూబీ64 కోసం రాసింది, అది ఇప్పటి కంప్యూటర్లలో నడిచే బేసిక్. 1991లో ఎంఎస్-డాస్ 5తో వచ్చిన క్యూబేసిక్‌లో కూడా చివర చెప్పే ఒక్క ఆదేశం తప్ప మిగతాదంతా నడుస్తుంది. ఆదేశాలను పలికే తీరులో తెలుగులో ఇచ్చాం. టైప్ చేసేటప్పుడు ఆదేశాలు, వేరియబుల్ పేర్లు, కోట్స్‌లోని మాటలు అన్నీ ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టండి.

డిమ్ రంగు$(1 టు 20)
లెక్క = 0

మొదటి లైన్ 20 ఖాళీ గడులు ఇస్తుంది. రెండో లైన్ అంతకన్నా ముఖ్యం. ఎన్ని గడులున్నాయో బేసిక్‌కు తెలుసు గానీ, వాటిలో ఎన్ని నిండాయో తెలియదు. ఆ లెక్క మీరే ఉంచుకోవాలి. చివరి గడి నంబర్ చెప్పే యూబౌండ్(రంగు$) అని అడిగితే మూడే రంగులున్నా 20 అనే చెబుతుంది. కొత్తవాళ్ల ప్రోగ్రాముల్లో వచ్చే తప్పుల్లో చాలా వరకు ఈ రెండు సంఖ్యలను కలగలపడం వల్లే వస్తాయి.

డిమ్ రంగు$(20) అని రాస్తే గడులు సున్నా నుంచి మొదలై మొత్తం 21 అవుతాయి. "1 టు 20" అని విడమరచి రాయడమే మేలు. ఇక డాలర్ గుర్తు, అది స్ట్రింగ్‌కు ఆనవాలు. డిమ్‌లో దాన్ని మరచిపోయి, కింద మాత్రం రంగు$ అని వాడితే బేసిక్ ఆ రెండింటినీ వేర్వేరు అర్రేలుగా చూస్తుంది. డిమ్ లేని అర్రేకు అది తనంతట తానే 0 నుంచి 10 వరకు గడులు ఇస్తుంది కాబట్టి పది రంగుల దాకా అంతా సవ్యంగానే కనిపిస్తుంది. చోటు చూసుకోకుండా చేర్చుకుంటూ పోతే పదకొండో రంగు దగ్గర "సబ్‌స్క్రిప్ట్ ఔట్ ఆఫ్ రేంజ్" అని ఆగిపోతుంది. ఈ సందేశం వచ్చినప్పుడు ముందు డిమ్ లైన్‌లో డాలర్ ఉందో లేదో చూడండి.

చివర చేర్చడం తేలిక:

లైన్ ఇన్‌పుట్ "రంగు: ", కొత్త$
ఇఫ్ లెక్క < యూబౌండ్(రంగు$) దెన్
  లెక్క = లెక్క + 1
  రంగు$(లెక్క) = కొత్త$
ఎల్స్
  ప్రింట్ "చోటు లేదు"
ఎండ్ ఇఫ్

ఉత్త ఇన్‌పుట్ కాకుండా లైన్ ఇన్‌పుట్ వాడటానికి కారణం కామా. టైప్ చేసిన మాటలో కామా ఉంటే ఇన్‌పుట్ దాన్ని రెండు విలువలుగా తీసుకుంటుంది. లైన్ ఇన్‌పుట్ మొత్తం లైన్‌ను ఉన్నది ఉన్నట్టు తీసుకుంటుంది.

మధ్యలో చేర్చడంలోనే చాలామంది తడబడతారు. అర్రేలో ఎరుపు, నీలం, పసుపు, తెలుపు ఉన్నాయి, రెండో చోట నలుపు పెట్టాలి అనుకుందాం. ముందు చోటు ఖాళీ చేయాలి. రెండో గడి నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటీ కుడికి జరిపితే, నీలం మూడో గడిలోని పసుపును చెరిపేస్తుంది. తర్వాత అదే నీలం నాలుగుకూ, ఐదుకూ పాకుతుంది. చివరికి ఎరుపు, నీలం, నీలం, నీలం, నీలం మిగులుతాయి. అందుకే చివరి నుంచి జరపాలి (ఇక్కడ చోటు అంటే 2):

ఫర్ ఐ = లెక్క టు చోటు స్టెప్ -1
  రంగు$(ఐ + 1) = రంగు$(ఐ)
నెక్స్ట్ ఐ
రంగు$(చోటు) = కొత్త$
లెక్క = లెక్క + 1

దీనికి ముందు కూడా పైన చేసినట్టే చోటుందో లేదో చూసుకోవాలి. స్టెప్ -1 మరచిపోతే, పెద్ద సంఖ్య నుంచి చిన్నదానికి వెళ్లాల్సిన లూప్ అసలు తిరగదు. ఏ తప్పూ చూపించకుండా నలుపు వచ్చి నీలం మీద కూర్చుంటుంది.

తీసేయడానికి దిశ తిరగబడుతుంది. ఈసారి ముందు నుంచి:

ఫర్ ఐ = చోటు టు లెక్క - 1
  రంగు$(ఐ) = రంగు$(ఐ + 1)
నెక్స్ట్ ఐ
రంగు$(లెక్క) = ""
లెక్క = లెక్క - 1

చివరి గడిని ఖాళీ చేయకపోతే అక్కడ పాత తెలుపు రెండో కాపీగా ఉండిపోతుంది. ఒకే రంగు ఎన్ని చోట్ల ఉన్నా అన్నీ తీసేయాలంటే, వెతికే లూప్‌ను లెక్క నుంచి 1 వైపు నడపండి. ముందు నుంచి నడిపితే, తీసేసిన గడిలోకి జరిగి వచ్చిన మాటను చూడకుండానే లూప్ దాటిపోతుంది. పక్కపక్కన రెండు ఎరుపులుంటే ఒకటి మిగిలిపోతుంది.

వెతికేటప్పుడు పెద్ద బడి (క్యాపిటల్), చిన్న బడి (స్మాల్) అక్షరాల తేడా, అటూ ఇటూ ఉన్న ఖాళీలు పోయేలా రెండు వైపులా శుభ్రం చేసి పోల్చండి. యూకేస్$ అన్నిటినీ పెద్ద బడిలోకి మారుస్తుంది, ఎల్‌ట్రిమ్$ ఎడమ ఖాళీలను, ఆర్‌ట్రిమ్$ కుడి ఖాళీలను తీసేస్తాయి:

దొరికింది = 0
ఫర్ ఐ = 1 టు లెక్క
  ఇఫ్ యూకేస్$(ఎల్‌ట్రిమ్$(ఆర్‌ట్రిమ్$(రంగు$(ఐ)))) = యూకేస్$(ఎల్‌ట్రిమ్$(ఆర్‌ట్రిమ్$(వెతుకు$))) దెన్
    దొరికింది = ఐ
    ఎగ్జిట్ ఫర్
  ఎండ్ ఇఫ్
నెక్స్ట్ ఐ

గడులు 1 నుంచి మొదలవుతాయి కాబట్టి దొరికింది సున్నాగా ఉంటే ఆ మాట లేదని అర్థం.

వరుసలో పెట్టడానికి, చిన్న జాబితాకు, పక్కపక్క గడులను పోల్చి తారుమారు చేసే బబుల్ సార్ట్ సరిపోతుంది:

ఫర్ ఐ = 1 టు లెక్క - 1
  ఫర్ జె = 1 టు లెక్క - ఐ
    ఇఫ్ రంగు$(జె) > రంగు$(జె + 1) దెన్ స్వాప్ రంగు$(జె), రంగు$(జె + 1)
  నెక్స్ట్ జె
నెక్స్ట్ ఐ

ఇక్కడ లెక్క బదులు యూబౌండ్ వాడితే జాబితా మాయమైనట్టు కనిపిస్తుంది. ఖాళీ స్ట్రింగ్ అన్నింటికన్నా చిన్నది కాబట్టి, నాలుగు రంగులున్న అర్రేలో ఖాళీ గడులు 16 పైకి వచ్చి, రంగులు 17 నుంచి 20 గడుల్లోకి పోతాయి. పోలిక ఆస్కీ కోడ్ (ఒక్కో అక్షరానికి ఇచ్చిన సంఖ్య) ప్రకారం జరుగుతుంది. పెద్ద బడి "ఎ" కోడ్ 65, చిన్న బడి "ఎ" కోడ్ 97. అందుకని పెద్ద బడి అక్షరంతో మొదలైన మాటలన్నీ ముందుకు వస్తాయి. వద్దనుకుంటే పోలికలో రెండు వైపులా యూకేస్$ పెట్టండి. స్ట్రింగులుగా "10" కూడా "9" కన్నా ముందే వస్తుంది. అంకెలను వాల్‌తో సంఖ్యలుగా మార్చి పోల్చాలి.

గడులు చాలకపోతే అర్రేను పెంచుకోవచ్చు, కానీ మొదట్లోనే డిమ్ బదులు రీడిమ్ రాసి ఉండాలి:

రీడిమ్ రంగు$(1 టు 20)

పెంచాల్సినప్పుడు:

రీడిమ్ _ప్రిజర్వ్ రంగు$(1 టు 40)

ముందున్న అండర్‌స్కోర్ క్యూబీ64 ఆదేశాల గుర్తు. _ప్రిజర్వ్ లేకుండా ఉత్త రీడిమ్ రాస్తే గడులు పెరుగుతాయి, లోపలున్నవన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. ప్రతిసారీ అర్రే మొత్తాన్నీ కొత్త చోటికి చేర్చాల్సి రావచ్చు కాబట్టి ఒక్కో గడి పెంచడం కన్నా ఒకేసారి రెట్టింపు చేయడం మంచిది. క్యూబేసిక్‌లో _ప్రిజర్వ్ లేదు. అక్కడ వేరే అర్రేలోకి కాపీ చేసుకుని, రీడిమ్ చేశాక తిరిగి నింపుకోవాలి, లేదా మొదటే కాస్త పెద్ద సైజు పెట్టుకోవాలి.