కెనడాలో పిస్టల్ బ్యారెల్ మార్పించే ముందు

షూటింగ్ రేంజ్ సీజన్ దగ్గరపడింది. ఇప్పటికే మీ పేరున ఉన్న చిన్న పిస్టల్‌కు పొడవు బ్యారెల్ (గొట్టం) వేయించాలనుకుంటే:

• బ్యారెల్ పొడవు సరిగ్గా 105 మి.మీ. ఉన్నా ఆ పిస్టల్ నిషిద్ధమే, దాటి తీరాలి. గ్లాక్ 19 అనే పిస్టల్ మామూలు బ్యారెల్ 102 మి.మీ.; అందుకే కెనడా కోసం 106తో చేశారు. మిగిలేది ఒక్క మిల్లీమీటరు, టేపుతో అంచనా వేయకండి.

• మూతికి బిగించే కంపెన్సేటర్ (పేల్చినప్పటి కుదుపు తగ్గించే భాగం) ఈ పొడవు లెక్కలోకి రాదు. ఛాంబర్ (పేలే ముందు గుండు కూర్చునే చోటు) మాత్రం వస్తుంది.

• కొలిచే ముందు మ్యాగజైన్ (గుండ్లు నింపే పెట్టె) తీసేసి, ఛాంబర్‌ను కంటితో చూసి వేలితో తడమండి. ఒక గుండు అక్కడే ఉండిపోవచ్చు.

• 2023 డిసెంబర్ నుంచి విడి బ్యారెల్ కొనాలన్నా లైసెన్స్ కావాలి.

• బిగించే పని గన్‌స్మిత్‌కే (తుపాకులు బాగుచేసే నిపుణుడికే) ఇవ్వండి. పాడైతే ఇంకో పిస్టల్ కొనుక్కుందామనుకోకండి. 2022 అక్టోబర్ 21 నుంచి మామూలు లైసెన్సుదారులకు పిస్టళ్లు కొత్తగా అమ్మడం లేదు.