దొంగని పట్టే ఆట, మూడో పాఠం: ఏ మోడ్‌లో ఏ సాక్ష్యం

పోయిన రెండు పాఠాలు చదివి ఆడుతున్నోళ్ళకి మనలో దాక్కున్న దొంగని ఓట్లేసి పట్టే వీడియో గేమ్ అమాంగ్ అస్‌లో రూమ్ కోడ్ పెట్టడం, స్కెల్డ్ మ్యాప్‌లో ఏ గది పక్కన ఏ గది ఉందో ఈపాటికి అలవాటైపోయుంటుంది. ఈసారి మోడ్‌ల, అంటే ఆట ఆడే పద్ధతుల సంగతి చూద్దాం. నన్ను చాలామంది అడిగేది ఇదే, అన్నా క్లాసిక్ ఆడాలా, రోల్స్ (కొందరికి ప్రత్యేక శక్తులు) పెట్టుకోవాలా, హైడ్ అండ్ సీక్ ఆడాలా, ఏది బాగుంటాది అని. నేను ఒకటే చెప్తా, మోడ్ మారితే సాక్ష్యం మారిపోతుంది, ఒక మోడ్‌లో కళ్ళతో చూసి నమ్మింది ఇంకో మోడ్‌లో నమ్మకూడదు, ఆ తేడా పట్టుకున్నోడు ఏ మోడ్ అయినా ఆడేస్తాడు.

ముందు మా గ్రూపు గురించి చెప్పాలి, ఉదాహరణలన్నీ అక్కణ్ణించే వస్తాయి. ఎనిమిది మందిమి. ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో నేను, మా ఇద్దరు చెల్లెళ్ళు, గుణుపురంలో మా బావ, రాయగడలో మా పెదనాన్నగారి అబ్బాయి, బోర్డర్ అవతల పాతపట్నంలో ముగ్గురు చుట్టాలు. సెలవులకి ఇంకో ఇద్దరు కలిస్తే పది. మాలో సగంమందిమి ఒడియా మీడియం, కాబట్టి దొంగ ఎవరో వాదించుకుని ఓటేసే మీటింగ్‌లో వేడెక్కితే నోట్లోంచి ఒడియా వచ్చేస్తుంది, పాతపట్నం వాళ్ళకి సగం అర్థం కాక ఎవరెక్కువ అరిస్తే వాళ్ళకే ఓటేసేవాళ్ళు. ఇది ఆటకి చాలా నష్టం, ఎందుకంటే ఈ ఆటలో మాటే సాక్ష్యం, మాట అర్థం కానోడి చేతిలో ఓటు పెడితే అది ఇంపోస్టర్‌కి, అంటే మనలో దాక్కున్న దొంగకి ఇచ్చినట్టే. అందుకని మీటింగ్ మొదలైతే అందరూ తెలుగే మాట్లాడాలని రూల్ పెట్టుకున్నాం. వాడుక భాష కోసం అంత కొట్లాడిన గిడుగు రామ్మూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు మాది, ఇక్కడి తెలుగులో గట్టిగా వాదించుకోవడం నాకు నిజంగా ఇష్టం. మీ గ్రూపులో కూడా భాషలు కలిసుంటే ముందే ఒకటి తేల్చుకోండి. ఇంకోటి, అకౌంట్ లేకుండా గెస్టుగా వచ్చినోళ్ళకి క్విక్ చాట్ మాత్రమే ఉంటుంది, రెడీగా ఉన్న ముక్కలు నొక్కడం తప్ప టైప్ చెయ్యలేరు, వాళ్ళు తక్కువ మాట్లాడారని అనుమానపడకండి.

ఇప్పుడు క్లాసిక్, రోల్స్ ఏమీ లేకుండా. చిన్నప్పుడు రాజు మంత్రి దొంగ పోలీస్ చీటీలు ఆడినోళ్ళకి ఇది కొత్తేం కాదు. చీటీలాటలో పోలీసుకి దొరికే ఆధారం ఎదుటోడి మొహం ఒక్కటే. 1986లో మాస్కో స్టేట్ యూనివర్సిటీలో సైకాలజీ చదివే దిమిత్రి డావిడాఫ్ అనే అతను కట్టిన మాఫియా ఆట కూడా అంతే, రాత్రి మాఫియా ఒకణ్ణి చంపుతుంది, పగలు ఊరంతా కూర్చుని ఎవరో తేల్చాలి, చేతిలో మాట తప్ప ఏమీ లేదు. 2018లో అమాంగ్ అస్ తెచ్చిన ఇన్నర్‌స్లాత్ కంపెనీ వాళ్ళు ఇందులో చేసిన గొప్ప పని, నా ఉద్దేశంలో, ఊరివాళ్ళకి టాస్కులు, అంటే గదుల్లో చేసే చిన్న చిన్న పనులు ఇవ్వడం. టాస్కు ఉంటే నువ్వు ఒక చోట ఉండాలి, అబద్ధం చెప్పేవాడు ఆ చోట ఉన్నట్టు నటించాలి, నటనలో ఎక్కడో దొరికిపోతాడు.

ఎక్కడ దొరుకుతాడో చూడండి. స్కెల్డ్‌లో అడ్మిన్ గదిలో కార్డు స్వైప్ చెయ్యడం కామన్ టాస్క్, అంటే వస్తే అందరికీ వస్తుంది, రాకపోతే ఎవరికీ రాదు. నీ లిస్టులో అది లేదు, కానీ ఒకడు ఆ మిషన్ ముందు నిల్చున్నాడు, మీటింగ్‌లో "నాను కార్డు గీస్తన్నాను" అన్నాడు, అయిపోయాడు. వైర్లు కలపడం కూడా అలాంటిదే. తర్వాత టాస్క్ బార్, అందరి టాస్కులూ కలిపి ఎంత అయ్యాయో చూపించే గీత. దాన్ని ఎప్పుడూ కదిలేలా సెట్టింగ్ పెట్టుకుంటే, ఒకడు టాస్క్ దగ్గర్నించి లేచి వెళ్ళిన క్షణంలో బార్ పెరిగిందా లేదా చూడొచ్చు, కాకపోతే కొన్ని టాస్కులు రెండు మూడు చోట్ల పూర్తయితేనే బార్ కదులుతుంది, అదొక్కటే చూసి ఓటెయ్యకండి. విజువల్ టాస్క్‌లు ఆన్‌లో ఉంటే మెడ్‌బేలో స్కాన్ మీద నిలబడ్డోడి చుట్టూ ఆకుపచ్చ వెలుగు తిరుగుతుంది, ఇంపోస్టర్‌కి అది రాదు, కాబట్టి కళ్ళారా చూస్తే వాణ్ణి ఆట అయ్యేదాకా నమ్మొచ్చు. ఇక వెంట్, అంటే ఒక గదిలోంచి ఇంకో గదికి దూరిపోయే గొట్టం. రోల్స్ లేని క్లాసిక్‌లో వెంట్‌లోంచి వచ్చినోడు ఇంపోస్టరే, మాట్లాడ్డానికేం లేదు.

ఓట్ల లెక్క దగ్గర కొంచెం నెమ్మదిగా చదవండి, మా వాళ్ళు ఎక్కువ ఓడిపోయింది ఇక్కడే. ఇంపోస్టర్లూ క్రూమేట్‌లూ (మనోళ్ళు) సమానమైతే ఆట అయిపోయినట్టే. పదిమంది ఆడుతున్నారు, ఇద్దరు ఇంపోస్టర్లు అనుకోండి. ఏడుగురు మిగిలారంటే అయిదుగురు మనోళ్ళు, ఇద్దరు దొంగలు. ఇప్పుడు ఆధారం లేకుండా ఒక మంచోణ్ణి గెంటేస్తే నలుగురవుతారు, ఆ రౌండ్‌లో ఇద్దరు దొంగలూ ఒక్కొక్కణ్ణి వేసేస్తే రెండుకి రెండు, ఓడిపోయాం. అదే స్కిప్ కొడితే, అంటే ఎవర్నీ గెంటకుండా వదిలేస్తే, అయిదులోంచి ఇద్దరు పోయినా ముగ్గురుంటారు, ఇంకో మీటింగ్ దొరకొచ్చు. అదే మొత్తం అయిదుగురే మిగిలి ఇద్దరూ ఇంకా బతికుంటే స్కిప్ కొట్టకూడదు, ఎందుకంటే ఒక్క హత్యతో సమానమైపోతుంది, అనుమానం సగమే ఉన్నా ఓటు వెయ్యాల్సిందే. మేం ఎనిమిది మందిమి ఆడేటప్పుడు ఒక్క ఇంపోస్టరే, అప్పుడు లెక్క ఇలా ఉంటుంది, దొంగతో కలిపి నలుగురుంటే స్కిప్ కొట్టొచ్చు, ముగ్గురుంటే ఓటు తప్పదు. మా చిన్న చెల్లి ఇది నోట్‌బుక్‌లో రాసి ఫోన్ పక్కన పెట్టుకుని ఆడేది, నెల తిరిగేసరికి మాలో అందరికంటే నిదానంగా ఓటేసేది తనే.

రోల్స్ పెట్టుకున్నాక పైన చెప్పిన దాంట్లో సగం తిరగబడుతుంది. 2021 నవంబర్ అప్‌డేట్‌లో సైంటిస్ట్, ఇంజినీర్, గార్డియన్ ఏంజెల్, షేప్‌షిఫ్టర్ వచ్చాయి. ఇంజినీర్ మన మనిషే కానీ వెంట్‌లోకి దూరగలడు. మేం మొదటిసారి రోల్స్ ఆన్ చేసిన రాత్రి మా బావ ఇంజినీర్, ఎలక్ట్రికల్ వెంట్‌లోంచి బయటికొస్తుంటే నేను చూశాను, మీటింగ్ కొట్టాను, ఆయన "ఓరె బాబూ, నాను ఇంజినీర్నిరా, నమ్మవేటి" అని మొత్తుకున్నాడు, పాత అలవాటుతో ఏడుగురం కలిసి ఆయన్ని బయటికి తోసేశాం. ఆ ఆట ఓడిపోయాం, బావ రెండు రోజులు ఆడటానికి రాలేదు. తప్పు నాదే, మోడ్ మారిందని తెలిసి కూడా పాత సాక్ష్యాన్నే పట్టుకున్నాను.

మరి రోల్స్ మోడ్‌లో వెంట్ చూస్తే ఏం చెయ్యాలి? ఆట మొదలయ్యే ముందు లాబీలో ఇంజినీర్లు ఎంతమంది, వచ్చే అవకాశం ఎంత శాతం అని పెట్టారో గుర్తుంచుకోవాలి. ఒక్కడే అని పెడితే, ఇద్దరు "నేనే ఇంజినీర్" అన్నప్పుడు ఒకడైనా అబద్ధం. అందుకే వెంట్‌లో చూసినోడి మీద వెంటనే అరవకండి, ముందు "ఇంజినీర్ ఎవరు" అని అందర్నీ అడిగి, చెప్పినాక అప్పుడు చూసింది చెప్పండి. మాలో ఇంపోస్టర్లు చాలాసార్లు ఈ వరస దగ్గరే దొరికారు.

షేప్‌షిఫ్టర్ ఇంకా కష్టం. ఇంపోస్టర్ కాసేపు ఇంకొకళ్ళ రూపం వేసుకుంటాడు, కాబట్టి "నేను ఎర్రోడు చంపడం చూశాను" అనేది ఇక్కడ పూర్తి సాక్ష్యం కాదు. అదే సమయంలో ఎర్రోణ్ణి ఇంకోచోట ఇంకెవరైనా చూశారా అని అడగాలి, చూశారంటే ఎర్రోడు బతికిపోయాడు, ఊళ్ళో షేప్‌షిఫ్టర్ తిరుగుతున్నాడని కూడా ఖాయమైంది. జంటగా తిరగడం ఈ మోడ్‌లో ఎక్కువ పనికొచ్చేది ఇందుకే, నీ పక్కనోడు నీకు సాక్షి. సైంటిస్ట్ ఎక్కడున్నా ఎవరు బతికున్నారో చూడగలడు, బ్యాటరీ అయిపోతే టాస్కులు చేసి మళ్ళీ నింపుకోవాలి, వీడు మీటింగ్‌లో ఎవరు ఎప్పుడు పోయారో టైము చెప్తే చాలు, అందరి కథలూ దానితో సరిచూసుకోవచ్చు. గార్డియన్ ఏంజెల్ చనిపోయినోళ్ళకి వచ్చే పని, బతికున్నోళ్ళకి కాసేపు కవచం వెయ్యడం. 2024లో నాయిస్‌మేకర్, ట్రాకర్, ఫాంటమ్ కూడా కలిశాయి, వాటిని ఇప్పుడే పెట్టుకోకండి, ఒక్కసారే అన్నీ ఆన్ చేస్తే ఎవరు ఏం చేశారో ఎవరికీ తెలీదు, అప్పుడు ఓటు చీటీ తీసినట్టే అవుతుంది.

హైడ్ అండ్ సీక్ 2022 డిసెంబర్‌లో వచ్చింది. ఇందులో దొంగ ఎవరో మొదట్నించీ అందరికీ తెలుసు, మీటింగ్ లేదు, ఓటు లేదు, శవం రిపోర్ట్ చెయ్యడం లేదు. టైమర్ అయ్యేదాకా బతకాలి, టాస్కులు చేస్తే టైమర్ తొందరగా తగ్గుతుంది, దొంగ దగ్గరికొస్తుంటే డేంజర్ మీటర్ చెప్తుంది, మనోళ్ళు వెంట్ కొన్నిసార్లే వాడగలరు, చివరి కొద్దిసేపు దొంగ స్పీడు పెరుగుతుంది. అబద్ధం పట్టడం ఇందులో లేదు కాబట్టి కొందరు దీన్ని పిల్లలాట అంటారు, నేను ఒప్పుకోను. ఏ గదికి రెండు దార్లున్నాయి, ఏ మూల ఇరుక్కుపోతాం, ఎలక్ట్రికల్ నించి మెడ్‌బేకి వెంట్‌లో వెళ్ళొచ్చు, ఇవన్నీ భయంతో పరిగెత్తితే వచ్చినంత బాగా చదివితే రావు. రేపు క్లాసిక్‌లో ఒకడు "స్టోరేజ్ నించి అయిదు సెకన్లలో రియాక్టర్‌కి వచ్చాను" అంటే అది కుదరదని మీ కాళ్ళకే తెలుస్తుంది.

కాబట్టి మీరు చెయ్యాల్సిన వరస ఇది. వారం రోజులు హైడ్ అండ్ సీక్ రోజుకి మూడాటలు. తర్వాత రెండు వారాలు రోల్స్ లేని క్లాసిక్, గెంటేసినోడు ఇంపోస్టరో కాదో చూపించే సెట్టింగ్ ఆన్‌లో పెట్టి, లేకపోతే మీ ఊహ తప్పో ఒప్పో ఆట మధ్యలో తెలీదు, ఆ ఓటు నించి నేర్చుకునేది తగ్గిపోతుంది. ఆ తర్వాత ఇంజినీర్ ఒక్కటే. అది అలవాటయ్యాక షేప్‌షిఫ్టర్.

వచ్చే పాఠం లోపు ఈ లెక్క కాగితం మీద చేసి పెట్టుకోండి. పదిమంది, ఇద్దరు ఇంపోస్టర్లు, ఇంజినీర్ ఒక్కడే, వంద శాతం. ఏడుగురు మిగిలారు. పచ్చోడు ఇంజినీర్ నేనన్నాడు, పసుపోడూ నేనే అన్నాడు. క్రూమేట్‌లు ఎవరూ అబద్ధం ఆడరు అనుకోండి. పోయిన ముగ్గురిలో అసలు ఇంజినీర్ ఉండి ఉండొచ్చు. స్కిప్ కొడతారా, ఓటేస్తారా, వేస్తే ఎవరికి, ఆ ఓటు తప్పయితే ఎంతమంది మిగులుతారు?