కలంకారీ బట్టకు సరాసరి రంగు తీసిన పద్ధతి

శ్రీకాళహస్తి కలంకారీ దుపట్టాల ఫొటోల చుట్టూ బట్ట రంగునే బార్డర్‌గా వెయ్యాలి. తిరుపతిలో మా డిజైన్ షాపుకి వచ్చిన పని ఇది. ఫొటోషాప్‌లో ఐడ్రాపర్‌తో (నొక్కిన చోటి రంగు తీసే టూల్) నొక్కిన చోటల్లా వేరే రంగు వచ్చేది. కరక్కాయ, పాలలో నానిన నూలు కదా, జూమ్ చేస్తే ఒక పోగు లేత పసుపు, పక్క పోగు గోధుమ రంగు.

చివరికి దారి దొరికింది. లేయర్‌కి కాపీ తీసి, బొమ్మలు లేని భాగాన్ని లాసోతో (చుట్టూ గీత గీసి ఎంచుకునే టూల్) ఎంచుకుని, ఫిల్టర్ మెనూలో బ్లర్, అందులో యావరేజ్ (సరాసరి) నొక్కాను. ఆ భాగమంతా ఒకే రంగయిపోయింది. దాని మీద ఐడ్రాపర్ పెడితే రంగు కోడ్ వచ్చేసింది. తెల్ల టేబుల్ అంచు కొంచెం కలిసినా రంగు పాలిపోతుంది, అది చూసుకోవాలి. తొందరగా కావాలంటే ఐడ్రాపర్ శాంపిల్ సైజుని 31 బై 31 పిక్సెళ్ల సరాసరికి మార్చినా చాలు.

ఇంకో సంగతి ముఖ్యం. నలుపు, తెలుపు చుక్కలు సగం సగం ఉంటే మామూలు ఎస్‌ఆర్‌జీబీ (కంప్యూటర్లు సాధారణంగా వాడే రంగుల పద్ధతి) ఫొటోలో, నలుపు 0, తెలుపు 255 అనుకుంటే, సరాసరి 128 దగ్గర వస్తుంది. దూరం నుంచి కంటికి కనిపించేది మాత్రం దాదాపు 188. అందుకే నల్ల గీతలు దట్టంగా ఉన్న బట్టలకు ముందు మోడ్‌ని 32 బిట్స్‌కి మార్చి (అందులో లెక్క అసలు వెలుతురు మోతాదు మీద జరుగుతుంది), ఆ తర్వాతే యావరేజ్ చేస్తున్నాను.