క్రాస్ స్టిచ్‌లో తెలుగు పద్యం: ఎక్కడ తేడా కొడుతుంది, ఎలా సరిచేయాలి

ఒత్తు కింది పాదంలోకి దిగిపోతోంది
క్రాస్ స్టిచ్ అంటే గళ్ళ గుడ్డమీద రెండు ఏటవాలు గీతలతో గుణకారం గుర్తులా వేసే కుట్టు. దానికి దొరికే గ్రాఫులు, అంటే గళ్ళ నమూనాలు, ఎక్కువగా ఇంగ్లీషు అక్షరాల కొలతతో గీసినవే. పాదానికీ పాదానికీ మధ్య నాలుగైదు గళ్ళు వదిలితే ఆ అక్షరాలకి చాలు. మనకి ‘స్త్రీ’ వచ్చిందంటే చాలవు. సూది పట్టకముందే పాదం ఎత్తుని పంచుకోండి: తలకట్టుకి, గుడికి 3 గళ్ళు, అక్షరానికి 9, ఒత్తుకి 6, ఖాళీ 2. మొత్తం 20. ఒత్తుల్లేని పాదానికీ ఇంతే ఇవ్వాలి, లేకపోతే పాదాల మధ్య దూరం ఒకచోట ఒకలా ఉంటుంది. కుట్టేశాక చూసుకున్నారా? ఒత్తు వరకే విప్పి, దారంలోంచి తీసిన ఒంటి పోగుతో, బ్యాక్ స్టిచ్ (వెనక్కి గుచ్చుతూ గీతలా వేసే కుట్టు) వేసి 4 గళ్ళలో పట్టించండి.

సున్న చదరంగా వస్తోంది
‘ర’, ‘ఠ’, సున్న... మన లిపిలో సగం గుండ్రాలే. 5 గళ్ళలో గుండ్రం రాదు, కనీసం 7 కావాలి. మూలల్లో పూర్తి క్రాస్ బదులు పావు కుట్టు, అంటే గడి మూల నుంచి నడిమధ్య వరకే వేసే గీత, వేయండి. మ్యాటీ క్లాత్ అనే గళ్ళ నేత గుడ్డపై దీనికి గడి నడిమధ్యలో గుచ్చాలి కాబట్టి ఆ కుట్లకి మాత్రం మొనసూది తీసుకోండి. చివర్లో అదే రంగు ఒంటి పోగుతో అంచు చుట్టూ బ్యాక్ స్టిచ్ తిప్పితే వంపు తేలుతుంది.

గుడ్డ చాల్లేదు, లేదా పద్యం ఓ పక్కకి జరిగింది
అక్షరాలు లెక్కపెట్టి మధ్య తీయడమే కారణం. ‘ఘ’కీ ‘ర’కీ వెడల్పు ఒకటి కాదుగా! గళ్ళే లెక్కపెట్టాలి. అక్షరానికి సగటున 10, సందుకి 2 అనుకుంటే 14 అక్షరాల పాదానికి 168 గళ్ళు. 14 కౌంట్ (అంగుళానికి 14 గళ్ళున్న) గుడ్డమీద 12 అంగుళాలు. నాలుగు పాదాల ఎత్తు 80 గళ్ళు, అంటే ఆరంగుళాల లోపే. నాలుగు వైపులా 3 అంగుళాలు వదలాలి, కాబట్టి 18×12 ముక్క కత్తిరించండి. గుడ్డని రెండుసార్లు మడిచి మధ్య గీత పట్టుకుని, ప్రతి పాదాన్నీ దాని గళ్ళ మొత్తంలో సగం దగ్గర నుంచి మొదలుపెట్టండి.

కుట్ల మధ్య గుడ్డ కనబడుతోంది
నరసాపురం, పాలకొల్లు వైపు లేసు అల్లగా మిగిలిన దారం ఇంట్లో ఉంటుంది, దాన్నే వాడేస్తారు. అది గట్టిగా పేనిన దారం, గడిలో పరుచుకోదు. ఆరు పోగుల ఎంబ్రాయిడరీ దారమే కొనండి. అందులోంచి రెండు పోగులు విడదీసి, 24 నంబరు మొద్దుసూదితో, మూర లోపు ముక్కలుగా కుట్టాలి. పొడవు పెరిగితే చివరికి నూగు లేస్తుంది.

కొన్ని కుట్లు మెరిసి కొన్ని మసకగా ఉంటే క్రాస్‌లో పైగీత దిక్కు మారిందన్నమాట. అన్నీ ఒకే వాలులో ఉండాలి. విప్పడం తప్ప మార్గం లేదు.

అక్షరాల మధ్య నల్లగా నీడలు
దారాన్ని తెంపకుండా మాట నుంచి మాటకి లాగారు. మూడు గళ్ళు దాటితే తెంపి కొత్తగా మొదలుపెట్టండి.

గుండ్రని మరక, లేదా ఎర్రటి చుక్క
గోదావరి డెల్టా తేమలో ఇది మామూలే. గుడ్డ బిగించే రింగు మర తుప్పు పడుతుంది, గుచ్చి వదిలేసిన సూదీ అంతే. పని ఆపిన ప్రతిసారీ రెండూ తీసేయండి. తుప్పు చుక్కకి నిమ్మరసం, ఉప్పు పనిచేస్తాయి గానీ రంగుదారం మీద పడనివ్వకండి, రంగు దిగొచ్చు.

ఉతికాక పసుపుపచ్చగా మారింది
ఇనుము, ఉప్పు ఎక్కువున్న బోరు నీళ్ళు కారణం కావచ్చు. సముద్రం దగ్గరి ఊళ్ళలో తాగడానికి తెచ్చుకునే టిన్ను నీళ్ళతోనే చివరి జాడింపు చేయండి. ఎర్రదారం రంగు దిగుతుంటే గుడ్డని ఆరనివ్వకండి. నీరు తేటగా వచ్చేదాకా చల్లనీళ్ళు మారుస్తూనే ఉండాలి. పిండకుండా తువ్వాలులో చుట్టి ఒత్తి, వెనకవైపు నుంచి ఇస్త్రీ చేయండి. నీళ్ళతో పోయే పెన్ను గీతలుంటే ముందు వాటిని కడిగేయాలి, వేడి తగిలితే ఇక పోవు.

ఫ్రేములో బూజు
అద్దం గుడ్డకి ఆనడం వల్ల తేమ నిలుస్తుంది. మధ్యలో మౌంట్ బోర్డు అనే అంచు అట్ట పెట్టించండి. గుడ్డ పూర్తిగా ఆరాకే, వీలైతే ఎండాకాలంలో ఫ్రేము కట్టించండి. ముసురు పట్టినప్పుడు తడి లాగే బయటిగోడకి మాత్రం తగిలించకండి.